మడమ నుంచి ఒక్క చుక్క

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది మామూలు ఫిల్టర్ పేపరే. పుట్టి ఒకటి రెండు రోజులైన బిడ్డ మడమ మీద చిన్నగా గుచ్చి, వచ్చిన రక్తాన్ని దీని మీద అద్ది ఆరబెడతారు. పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధుల జాడ పట్టడానికి, ఆ మరకలోంచి మూడు మిల్లీమీటర్ల బిళ్ళ కత్తిరిస్తే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు, అంటే అణువుల బరువు తూచే యంత్రానికి, సరిపోతుంది.

జన్యు వ్యాధి అనగానే డీఎన్ఏ పరీక్షే గుర్తొస్తుంది. ఈ యంత్రం మాత్రం జన్యువు జోలికే పోదు. జన్యువులో లోపముంటే ఎంజైమ్ పనిచేయదు, అది కరిగించాల్సిన పదార్థం రక్తంలో పేరుకుపోతుంది. ఆ పేరుకున్నదాన్ని ఇది తూకం వేసి పట్టుకుంటుంది.

పీకేయూ అనే జబ్బులో పేరుకునేది ఫీనైలాలనైన్, ప్రోటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం. విద్యుదావేశం ఇస్తే యంత్రంలో దీని బరువు 166 దగ్గర కనిపిస్తుంది. అదే బరువు ఇంకోదానికీ ఉండొచ్చు కదా? అందుకని దాన్ని వాయువుతో ఢీకొట్టించి విరగ్గొడతారు. 46 బరువున్న ముక్క ఊడిపోయి 120 బరువున్నది మిగిలితే, అది మనం వెతుకుతున్నదే. ఇలా రెండుసార్లు తూచడమే టాండెమ్ పద్ధతి. 1960లలో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గత్రీ ఇలాంటి రక్తపు మరకనే బ్యాక్టీరియాతో పరీక్షించి పీకేయూ ఒక్కదాన్ని పట్టేవారు. ఇప్పుడు రెండు మూడు నిమిషాల్లో పదుల జబ్బుల జాడ తెలుస్తోంది.

నన్ను బాగా కదిలించేది ఎంకాడ్ లోపం. కొవ్వును శక్తిగా మార్చుకోలేని జబ్బు. బిడ్డ పాలు తాగుతుంది, నవ్వుతుంది, ఏ లోటూ కనిపించదు. ఓ రాత్రి జ్వరమొచ్చి పాలు మానేస్తే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ముందే తెలిస్తే చేయాల్సిందల్లా ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకపోవడం, ఒంట్లో బాగోలేనప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి గ్లూకోజ్ ఎక్కించడం. ఇంత తేలిక జాగ్రత్తతో బతికే బిడ్డను, తెలియలేదన్న ఒక్క కారణంతో పోగొట్టుకోవడం నాకు మింగుడుపడదు.

యంత్రం తడబడే చోట్లూ ఉన్నాయి. లూసిన్, ఐసోలూసిన్ అనే రెండు అమైనో ఆమ్లాల బరువు ఒక్కటే. ఆ రెంటినీ ఇది విడదీయలేదు, వేరే పరీక్షతో తేల్చాలి. నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డల్లో, జబ్బు లేకపోయినా అంకెలు పెరిగి కనిపించవచ్చు. అందుకే ఇది అనుమానం చెప్పే పరీక్ష, జబ్బును ఖాయం చేసేది కాదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. "మళ్ళీ రక్తం ఇవ్వాలి" అని ఫోన్ వస్తే టెన్షన్ పడటం సహజం. కానీ రేపు చూద్దాంలే అనుకోకండి. వీటిలో కొన్ని జబ్బులు మొదటి వారంలోనే మెదడును దెబ్బతీస్తాయి. ఆ రోజే బయల్దేరండి. బిడ్డ చివరిసారి పాలు ఎప్పుడు తాగిందో గుర్తుపెట్టుకుని రండి, డాక్టర్ మొదట అడిగే వాటిలో అదొకటి.