‘ప్రాబబ్లీ’ అంటే నూటికి ఎంత?

అందరికీ నమస్కారం. ‘ప్రాబబ్లీ’కి పక్కన ‘బహుశా’ అని రాసుకుని పేజీ తిప్పేస్తాం. చిక్కు అక్కడే మొదలవుతుంది. ‘బహుశా వస్తాడు’ అంటే నమ్మకం ఎంతో మనకు గొంతును బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో దాన్ని మాటే చెప్పాలి. మేబీ, పర్‌హాప్స్ అంటే రావచ్చు, రాకనూపోవచ్చు. ప్రాబబ్లీ అంటే వచ్చే వైపే మొగ్గు.

ఎంత మొగ్గు? అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో విశ్లేషకుడు షెర్మన్ కెంట్‌కు ఈ ప్రశ్న గట్టిగానే తగిలింది. 1951లో యుగోస్లావియా మీద దాడి జరిగే ‘సీరియస్ పాసిబిలిటీ’ ఉందని నివేదిక రాశారు. ఆయన మనసులో ఉన్నది నూటికి 65. తోటివాళ్లను అడిగితే ఒకరు 20 అన్నారు, ఇంకొకరు 80. కలిసి రాసినవాళ్లే వీళ్లంతా! తర్వాత 1964లో ఆయన అంకెలు కట్టారు: ప్రాబబుల్ అంటే 75, అటూ ఇటూ ఓ 12. వాడుకకు ఈ కొలత చాలు.

ఇక వాక్యంలో చోటు. సహాయక క్రియ ఉంటే దాని తర్వాత: ‘హి విల్ ప్రాబబ్లీ కమ్’. లేకపోతే క్రియకు ముందు: ‘షి ప్రాబబ్లీ నోస్’. ఈజ్, ఆర్ లాంటివి ఒంటరిగా ఉంటే మాత్రం వాటి తర్వాతే: ‘హి ఈజ్ ప్రాబబ్లీ ఎట్ హోమ్’. ఎక్కువమంది తడబడేది ‘కాదు, రాదు’ దగ్గర. ‘హి వోంట్ ప్రాబబ్లీ కమ్’ అనేస్తారు, వినడానికి ఎబ్బెట్టు. వోంట్, డోంట్, కాంట్‌లకు ముందే రావాలి: ‘హి ప్రాబబ్లీ వోంట్ కమ్’. మేబీ అయితే ఈ తంటా లేదు, వాక్యం మొదట్లో పెట్టేయండి.

రాసేటప్పుడు మేబీ ఒకే మాట. ‘హి మే బి లేట్’లో మే వేరు, బి వేరు. ఆ రెంటి చోట ‘ఈజ్’ పెట్టినా వాక్యం నిలబడితే విడిగా రాయాలి. ‘ఐ మే ప్రాబబ్లీ కమ్’ వద్దు: మే తగ్గిస్తుంది, ప్రాబబ్లీ పెంచుతుంది, వినేవాడికి ఏదీ తేలదు.

మన దగ్గర బాగా పాతుకుపోయింది ఇంకోటి ఉంది: ‘మోస్ట్‌లీ ఐ విల్ కమ్ టుమారో’. తెలుగులో ‘మోస్ట్‌లీ రేపొస్తా’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఇంగ్లీషులో మోస్ట్‌లీ చెప్పేది వాటా గురించి, ‘అధిక భాగం’ అని: ‘ది ఆడియన్స్ వాజ్ మోస్ట్‌లీ స్టూడెంట్స్’. సెలవు మెయిల్లో, ఇంటర్వ్యూలో ‘ఐ విల్ ప్రాబబ్లీ కమ్ టుమారో’ అనండి. నమ్మకం ఇంకా గట్టిదైతే ‘ఆల్మోస్ట్ సర్టెన్లీ’ ఉంది.