ఈఎంఐ పెరగలేదు, మరి బాకీ?

అందరికీ నమస్కారం.

మన దిక్కు అప్పు మాట వస్తే మొదట అడిగేది ఒక్కటే, మిత్తి ఎంత అని. రెండు రూపాయలంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం అని బడి మొహం చూడని ముసలమ్మ కూడా నోటిలెక్కన చెప్పేస్తుంది. అదే మనం బ్యాంకుకు పోయేసరికి మిత్తి సంగతి మరిచిపోయి "నెలకెంత కట్టాలి సార్?" అంటాం. నా గొడవంతా ఈ ప్రశ్నతోనే.

మా బామ్మర్ది 2021లో కాజీపేటలో ఇల్లు కట్టుకోవడానికి 20 లక్షలు తెచ్చాడు. 7 శాతం ఫ్లోటింగ్ వడ్డీ (అంటే మధ్యలో పెరుగుతూ తగ్గుతూ ఉండేది), 20 ఏళ్లు, ఈఎంఐ 15,506 రూపాయలు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. అది పెరిగితే ఇట్లాంటి ఇంటి అప్పుల వడ్డీ కూడా పెరుగుతుంది. ఊరంతా టెన్షన్ పడుతుంటే మావాడు నింపాదిగా ఉన్నాడు. "నా ఈఎంఐ పెరగలేదు బావా, అట్లనే ఉంది" అన్నాడు. నాకు అనుమానం వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను.

ఎక్సెల్ అయినా గూగుల్ షీట్స్ అయినా పని ఒకటే. పైన ఒకదాని కింద ఒకటి మూడు గడులు: అసలు, వడ్డీ రేటు, నెలలు. వాటికి పసుపు రంగు వేసుకోండి, మార్చేది అవే. ఈఎంఐ ఎంతో షీట్‌లోనే ఉండే పీఎంటీ (PMT) అనే ఫార్ములా చెబుతుంది. కింద నెలకో వరస. ఉన్న బాకీని రేటుతో గుణించి 12తో భాగిస్తే ఆ నెల వడ్డీ. ఈఎంఐలో అది పోగా మిగిలిందే అసలులోకి జమ. ఒక్క వరస సరిగ్గా రాసి మూల పట్టుకుని కిందికి లాగితే 240 నెలలూ నిండిపోతాయి. నేను మొదటిసారి లాగినప్పుడు రెండో నెల వడ్డీ కోట్లలో వచ్చింది! ఫార్ములాలో రేటు గడి పేరుకు డాలర్ ($) గుర్తులు పెట్టి, లాగినా కదలకుండా కట్టేయలేదు. వరసతోపాటు అదీ ఒక మెట్టు దిగి, కిందున్న 240ని వడ్డీ రేటు అనుకుంది.

సరే, మావాడి లెక్క. రెండేళ్లు కట్టాక రేటు ఒక్కసారే 9.5 అయిందనుకుందాం. అప్పటికి మిగిలిన బాకీ 19 లక్షల పైచిలుకు. దాని మీద నెల వడ్డీయే 15 వేలు దాటింది. కట్టే 15,506లో అసలుకు పోయేది ఐదొందలు కూడా లేదు. అదే ఈఎంఐతో బాకీ సున్నా అయ్యే వరస కోసం కిందికి పోతూనే ఉన్నాం, పోతూనే ఉన్నాం. ఇంకా 18 ఏళ్లు అనుకున్నది 37 ఏళ్లు దాటింది. మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పటికి నా కొడుక్కి కూడా తల నెరుస్తుంది" అన్నాడు.

షీట్‌ను ఇంకో కాపీ తీశాం. 18 ఏళ్లలోనే ముగియాలంటే ఈఎంఐ 18,404 కావాలి, అంటే నెలకు 2,900 ఎక్కువ. మూడో కాపీలో, ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన డబ్బులోంచి ఒక్కసారి లక్ష అసలుకు కట్టి, ఈఎంఐ 18,404 అట్లనే ఉంచాం. దాదాపు 27 నెలలు తగ్గాయి. లక్షకు నాలుగు లక్షల దగ్గర వడ్డీ మిగిలింది. సొంత పేరు మీద తీసుకున్న ఫ్లోటింగ్ ఇంటి అప్పును ముందుగా కడితే జరిమానా లేదు. కానీ కట్టేటప్పుడు "నెలలు తగ్గించండి, ఈఎంఐ కాదు" అని రాసివ్వండి. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలో, కాలం పెంచుకోవాలో, రెండూ కొంచెం కొంచెం చేసుకోవాలో అప్పు తీసుకున్నవాళ్లనే అడగాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. అడిగిన కాగితం ఇంగ్లిష్‌లో వస్తే మనం చదవకుండా పక్కన పడేస్తాం, అది వేరే సంగతి.

ఫ్లాట్ వడ్డీ, అంటే బాకీ తగ్గుతున్నా మొదటి అసలు మీదే చివరిదాకా వేసే వడ్డీ, అన్నప్పుడు ఇంకా జాగ్రత్త. లక్షకు ఫ్లాట్ 12 శాతం, మూడేళ్లు అంటే నెలకు 3,778. వినడానికి రూపాయి మిత్తే. షీట్‌లోని రేట్ (RATE) ఫార్ములాలో వేసి చూస్తే ఏడాదికి 21 శాతం పైనే తేలుతుంది.

మీ షీట్‌కూ బ్యాంకు స్టేట్‌మెంట్‌కూ పదో పరకో తేడా వస్తుంది, వాళ్లు రోజుల లెక్కన వడ్డీ వేస్తారు కాబట్టి. దానికోసం గొడవకు పోకండి. తేడా వేలల్లో ఉంటే మాత్రం షీట్ ప్రింట్ తీసుకుని, ఆ వరస కింద పెన్నుతో గీత గీసి మేనేజర్ టేబుల్ మీద పెట్టండి.