కింది రెండు వరుసలూ కప్పేయండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే చెల్లిపోతుంది. మన్నించండి.

బృందగానం స్కోర్‌ని, అంటే గొంతులన్నిటి స్వరాలూ రాసిన అచ్చుప్రతిని, పియానో మీద చదవడం గురించి మాట్లాడమన్నారు. నాలుగు గొంతులకు నాలుగు వరుసలు: పైనుంచి, హెచ్చు గొంతు మొదలు తగ్గు గొంతు దాకా, సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్. చాలా ప్రచురణల్లో వాటి అడుగున, ఆ నాలుగింటినీ రెండు వరుసలకు కుదించి పియానో కోసం చిన్న అచ్చులో వేస్తారు. నా పేచీ అంతా దానితోనే. సుఖం మరిగిన కన్ను ఇక పై వరుసలకు ఎక్కదు. ఓ కాగితం పెట్టి కప్పేయండి.

కప్పగానే మొదటి దెబ్బ టెనర్ దగ్గర తగులుతుంది. ఆ వరుస మొదట్లో ట్రెబుల్ క్లెఫ్, అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు, దాని కింద చిన్న 8 అంకె ఉంటుంది. అంటే రాసినదానికి ఒక ఆక్టేవ్, మన మాటల్లో ఒక స్థాయి, కింద వాయించాలి. సి మేజర్ కార్డ్ తీసుకోండి, అంటే సి, ఇ, జి స్వరాలు కలిసి మోగడం. బాస్‌ది మధ్య సికి ఆక్టేవ్ కింది సి, ఆల్టోది మధ్య సికి పైనున్న ఇ, సొప్రానోది ఆ పై సి. టెనర్‌కి కిందినుంచి రెండో గీత మీద జి. అంకె చూడకపోతే ఆ జి ఆల్టో నెత్తినెక్కి కూర్చుంటుంది. చెవికి మాత్రం తప్పనిపించదు, అదీ సి మేజరే కదా! ఎడమచేతికి టెనర్ అందడం లేదంటే ముందు ఆ అంకె చూడండి. నిజంగానే దూరముంటే కుడిచేతి బొటనవేలికి అప్పజెప్పండి.

నాలుగూ ఒకేసారి మొదలుపెట్టొద్దు. నాలుగు గొంతుల్లో జతలు ఆరు. బాస్-టెనర్‌తో మొదలుపెట్టి, ఎనిమిది బార్లు (నిలువు గీతల మధ్య గడులు) మాత్రమే, తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 50 దెబ్బల దగ్గర పెట్టి. కన్ను అడుగునుంచి పైకి నడవాలి. నోటు తప్పితే వదిలేయండి, తాళం ఆపకండి. పెడల్ ముట్టుకోవద్దు, వేలు ముందే లేచిపోయిన సంగతిని అది కప్పిపుచ్చుతుంది. సొప్రానో-టెనర్ జతలో కన్ను ఆల్టో వరుసను దూకాలి, అదో కొత్త కష్టం. ఆ తర్వాత మూడేసి గొంతులు. చివరికి మూడు వాయిస్తూ నాలుగోది పాడటం.

ఆల్టో-టెనర్ జతను విడిగా సాధన చేసినవాళ్లు చేతులెత్తండి. అంతేనా? రిహార్సల్లో గాయకులు దారి తప్పేది ఎక్కువగా ఆ మధ్య గొంతుల్లోనే కదండీ! పక్కపక్క వరుసలే, ఒకే క్లెఫ్ ఆకారం, కానీ మధ్యలో ఒక ఆక్టేవ్ తేడా. పైగా అప్పుడప్పుడు టెనర్ ఆల్టోని దాటి పైకి పోతుంది, చేతులు ఒకదానిమీద ఒకటి పడతాయి.

అన్నట్టు, టై గురించి, అంటే ఒకే స్వరాన్ని ఆపకుండా సాగదీయమనే వంపు గీత గురించి, ఒక మాట. బాస్ జి మీద ఆల్టో వెనక బార్‌లోని సిని పట్టుకుని, తర్వాత బికి దిగుతుంది. ఆ సిని మళ్లీ కొట్టారో, ఆల్టోలు అక్కడే ఊపిరి తీసుకుంటారు, టై తెగిపోతుంది. వేలు నొక్కే ఉంచండి. గాయకులు శ్రుతి జారితే అప్పుడు తెలిసి కొట్టండి, అది వేరు.

పాత ప్రచురణల్లోని సి క్లెఫ్‌ల గురించీ, అంటే మధ్య సి ఏ గీత మీదుందో చూపే గుర్తుల గురించీ, చెప్పాలనుకున్నాను. ఆల్టోకి మూడో గీత, టెనర్‌కి నాలుగో గీత మధ్య సి. ఇవాళ్టికి ఇంతే, గంట కొట్టేశారు. పియానో ఇక్కడే ఉంది, స్కోర్ తెరిచే ఉంది. ఎవరైనా ఒకరు రండి. కాగితం నేను పట్టుకుంటాను, మీరు ఆల్టో, టెనర్ వాయించండి.