రాజమండ్రి నడిచి చూశాను: గైడ్ లేకుండా ఎంతవరకు కుదురుతుంది? | రివ్యూ

అందరికీ నమస్కారం అండి. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే రైల్లో గోదావరి ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. ప్రతిసారీ కిటికీలోంచి ఒక రూపాయి బిళ్ళ వేయడం, దణ్ణం పెట్టుకోవడం, మళ్లీ ఫోన్లో తల దూర్చేయడం. ఊళ్లో మాత్రం ఎప్పుడూ దిగలేదు. ఈసారి దిగాను. గైడ్ లేడు, ప్యాకేజీ లేదు. ఫోన్లో మ్యాప్, సంచిలో నీళ్ల బాటిల్, అంతే. ఒక్క పూటలో అయిపోవాల్సిన నడకకి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే మొదటి రోజు నేనే పాడు చేసుకున్నాను.

నది ఉన్న ఊరు కదా, తెల్లవారకముందే వెళ్లాలి అనుకున్నాను. ఐదున్నరకల్లా పుష్కర్ ఘాట్ మెట్ల మీద కెమెరా పెట్టుకుని కూర్చున్నాను, సూర్యుడు నీళ్లలోంచి వస్తాడని. ఎంతకీ రాడే! చివరికి నా వెనక, మేడల మీంచి వచ్చాడు. స్నానం చేసి తల తుడుచుకుంటున్న ఒక పెద్దాయన నా అవస్థ చూసి, "అటేపు కుంగుతాడు బాబూ, లేచేది ఇటేపు" అని నవ్వారు. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. ఎదురుగా పడమటి ఒడ్డున కనిపించేది కొవ్వూరు. ఈ ముక్క మ్యాప్‌లో చూసుకోకుండా బయల్దేరిన ఘనుణ్ణి నేను.

సరే, రేవు చూశాను. మ్యూజియం, ఆర్ట్ గ్యాలరీ ఆ వేళకి తెరవరు కదా. వాటికోసం కాచుకుని కూర్చుంటే ఎండ మాడ్చేసింది. తీరా ఒక చోటికి వెళ్తే తాళం. ఎందుకో చెప్పే కాగితం కూడా తలుపుకి లేదు. రూముకి వెళ్లి పడుకున్నాను.

రెండో రోజు దారిని తిరగేశాను. మధ్యాహ్నం రెండున్నరకి ఊరి లోపల మొదలుపెట్టి, సాయంత్రానికి నది దగ్గర తేలాను. ఈ రివ్యూ ఈ రెండో దారికే.

మొదట మెయిన్ రోడ్డులోని పాత మసీదు. గుమ్మం మీద ఉన్న పర్షియన్ శాసనం 1324 నాటిది. అంటే ఏడు వందల ఏళ్ల నాటి తేదీ. దాని కిందే బళ్ల హారన్లు, బట్టల బేరాలు. మనకు చదవడం రాకపోయినా కాసేపు నిలబడాలనిపిస్తుంది. దీనికి ఇంకో మూడు వందల ఏళ్ల ముందు రాజరాజ నరేంద్రుడు, నన్నయ. తెలుగు భారతం మొదలైన ఊరు ఇది! ఆ కాలంనాటి కట్టడం ఏదైనా చూపిస్తారేమో అని తిరిగితే, కోటగుమ్మం అనే పేరు దొరికింది. కోట లేదు, పేరుంది, ఆ పేరుతో ఒక రద్దీ సెంటర్ ఉంది. చుట్టుపక్కల రోజ్ మిల్క్ అమ్ముతారు, చిక్కగా, పళ్లు జివ్వుమనేంత చల్లగా. అక్కడ ఆగండి. ఆ ఎండలో నన్ను కాపాడింది అదే.

అక్కడి నుంచి కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు. మ్యాప్ ఒక సందులోకి తీసుకెళ్లి, మీరు చేరుకున్నారు అని చెప్పి ఊరుకుంది. ఎదురుగా గోడ! ఫోన్ జేబులో పెట్టి "కందుకూరి వారి ఇల్లు ఎటండీ" అని అడగండి, ఎవరైనా చెప్తారు. ఈ నడకలో నేను ఎక్కువసేపు ఉన్నది ఈ ఇంట్లోనే.

పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే, 1881 డిసెంబరు 11న. ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. పెళ్లి పోలీసు కాపలాతో జరిగింది. ఇదంతా స్కూల్ పుస్తకంలో చదివాం, పరీక్షలో రాశాం, మర్చిపోయాం. పుస్తకంలో ఒక్క వాక్యంలో దాటేసేది ఒకటుంది. ఈ గొడవల్లో వంటవాళ్లు, నీళ్లవాళ్లు పని మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చి, పెళ్లికి వచ్చినవాళ్లకి వండి పెట్టారు. ఆ ఇంటి గుమ్మంలో నిలబడ్డాక నాకు అదే గుర్తొచ్చింది. అక్కడి నుంచి నది వైపు నడిచాను. చేతిలో ఏమీ లేదు, వీపు మీద చిన్న సంచి. అయినా చొక్కా తడిసిపోయింది. నిండు బిందెతో, వీధంతా చూస్తుండగా, రోజూ వెనక్కి రావడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

దారిలో టౌన్ హాల్ కూడా కలుపుకోవచ్చు. 1890లో కట్టించింది పంతులుగారే.

గోదావరి గట్టు రోడ్డుకి వచ్చాక దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. ఈ చిత్రకారుడు 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఈ కుర్రాడి చెయ్యి చూసి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ దాకా పంపించారు. ఆయన వేసిన 'పుష్పాలంకారం' బొమ్మ ముందు కనీసం ఐదు నిమిషాలు ఉండండి. ఫోన్లో చూసే బొమ్మకీ దీనికీ పోలికే లేదు. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం కూడా గట్టు మీదే. శిల్పాలు, నాణేలు ఇష్టమైతే వెళ్లండి. నేను మాత్రం త్వరగానే బయటికొచ్చాను.

ఇక ఫిర్యాదులు. ఎక్కడా ఇటు వెళ్తే ఇది వస్తుంది అనే బాణం గుర్తు లేదు. లోపలి వీధుల్లో ఫుట్‌పాత్ అన్న మాట మర్చిపోండి, బైకుల మధ్యే నడవాలి. పెద్దవాళ్లతో వస్తే మసీదు నుంచి కందుకూరి వారి ఇంటి దాకా ఆటో చేసుకుని, గట్టు ఒక్కటే నడిపించండి. టాయిలెట్ సంగతి బయల్దేరే చోటే చూసుకోండి, ముఖ్యంగా ఆడవాళ్లు. గ్యాలరీ, మ్యూజియం సెలవు రోజులు ముందే కనుక్కోండి, నాలాగా తాళానికి దణ్ణం పెట్టకుండా. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రండి. 2027లో పుష్కరాలు, ఆ పన్నెండు రోజుల జనంలో ఈ నడక కుదరదు. ధవళేశ్వరంలో, గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర మ్యూజియం నడిచేంత దూరం కాదు, దానికి వేరే పూట పెట్టుకోండి.

పదికి ఏడు ఇస్తాను. పోయిన మూడు మార్కులు దారి చూపే బోర్డులు లేనందుకు. పొద్దుట మొదలుపెట్టి ఉంటే నాలుగే ఇచ్చేవాణ్ణి.

ఇదిగో, ఇది సాయంత్రం షాట్. ఆ పాత ఇనుప గడ్డర్లు హేవలాక్ బ్రిడ్జి, 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసింది. పక్కన కాంక్రీటు విల్లుల్లా ఉన్నది ఆర్చ్ బ్రిడ్జి. సూర్యుడు కొవ్వూరు మీద ఉన్నాడు, నీళ్లంతా రాగి రంగు. మెట్ల మీద నా పక్కనే ఇద్దరు పిల్లలు రైలు పెట్టెలు లెక్కపెడుతున్నారు. ఒకడు ఇరవై రెండు అంటాడు, ఇంకొకడు ఇరవై మూడు. నేనూ లెక్కపెట్టాను గానీ, మధ్యలో కిటికీలోంచి ఎవరిదో చెయ్యి బయటికి వచ్చింది, బిళ్ళ వేస్తున్నారేమో అని అటు చూసి లెక్క తప్పాను.