భాగహారం గుర్తుతోనే అసలు తిరకాసు

నమస్కారం. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం చేయడం మీకు తెలిసినదే కనుక, ఈ పాఠంలో వాటి గుర్తులను మాత్రమే పరిశీలిద్దాం. అందులోనూ ఎక్కువ సమయం భాగహారం గుర్తుకే ఇద్దాం, ఎందుకంటే తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

ముందుగా తెరపై ఉన్న +, − గుర్తులను చూడండి. యోహానెస్ విడ్‌మన్ 1489లో జర్మనీలోని లీప్‌జిగ్‌లో అచ్చువేయించిన వర్తకుల గణిత గ్రంథంలో ఇవి కనిపిస్తాయి; అయితే అక్కడ వాటి పని ప్రధానంగా సరుకు తూకంలో ఎంత ఎక్కువ వచ్చిందో, ఎంత తరుగు పోయిందో చూపడమే. సమానం గుర్తును 1557లో వేల్స్‌కు చెందిన వైద్యుడు రాబర్ట్ రికార్డ్ ప్రవేశపెట్టాడు.

ఇంటూ గుర్తును 1631లో ఇంగ్లండ్‌లో విలియం ఔట్రెడ్ తన గ్రంథంలో వాడాడు. అది ఎక్స్ అక్షరంలా కనిపిస్తున్నదని జర్మన్ గణితవేత్త లైబ్నిట్జ్ 1698లో తోటి గణితవేత్త యోహాన్ బెర్నూలీకి రాసిన లేఖలో అభ్యంతరం చెప్పి, దాని బదులు చుక్క పెట్టాడు. బీజగణితం కొత్తగా మొదలుపెట్టిన పిల్లల నోట్‌బుక్కులు దిద్దేవారెవరైనా ఆయన పక్షమే వహిస్తారు.

ఇక భాగహారం. అడ్డగీతకు పైన ఒకటి, కింద ఒకటి చుక్క పెట్టే ÷ గుర్తును యోహాన్ రాన్ 1659లో జ్యూరిచ్‌లో అచ్చయిన తన బీజగణిత గ్రంథంలో భాగహారానికి వాడాడు. స్కాండినేవియా దేశాల్లోనేమో ఇదే గుర్తు చాలాకాలం తీసివేతకు చెల్లింది. జర్మనీలో లైబ్నిట్జ్ 1684లో వాడిన రెండు చుక్కలే నేటికీ నిలిచాయి. మనం నిష్పత్తిని 2 : 3 అని రాసేటప్పుడు పెట్టే చుక్కలూ అవే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ అయితే ÷ గుర్తును వాడవద్దనే చెబుతున్నది, కానీ మన ఫోన్లలోని కాలిక్యులేటర్లు దాన్ని వదలలేదు.

ఇప్పుడు 24 ÷ 4 × 2 అనే లెక్కను చూడండి. భాగహారం, గుణకారం రెండూ ఒకే స్థాయివి కనుక ఎడమ నుంచి కుడికి చేసుకుపోవాలి: ముందు 6, ఆపై 12. గుణకారాన్ని ముందుగా చేసినవారికి 3 వస్తుంది. ఇదే లెక్కను భిన్నంగా రాస్తే ఆ సందేహానికి తావే ఉండదు, ఎందుకంటే గీత కింద 4 ఒక్కటే ఉందా, 4 × 2 మొత్తం ఉందా అన్నది కంటికే తెలిసిపోతుంది. కంప్యూటర్‌లో గీత కింద రాసే వీలు లేనప్పుడు, మొత్తాన్ని కిందికి చేర్చదలచుకుంటే 24 / (4 * 2) అని తప్పనిసరిగా బ్రాకెట్లు పెట్టండి. అవి లేకపోతే స్ప్రెడ్‌షీట్ 3కు బదులు 12 చూపిస్తుంది.