ఫిన్లాండ్ వెళ్తున్నారా? ముందు క్యాలెండర్ తీయండి

[తెర మీద: నల్లటి ఆకాశంలో ఆకుపచ్చ వెలుగు తెరలు తెరలుగా కదులుతోంది. కింద మంచు. కొన్ని క్షణాలు మాట లేదు.]

ఈ ఆకుపచ్చ వెలుగు కోసమే కదా ఫిన్లాండ్ అనుకుంటున్నారు? మంచిది. మరి ఎప్పుడు వెళ్దామని? పిల్లలకు ఎండాకాలం సెలవులు కాబట్టి మే నెలాఖరుకో, జూన్ మొదటి వారానికో. అంతేనా?

అయితే ఇది మీకు కనపడదు. వారం రోజులున్నా కనపడదు. ఎందుకంటే ఆ రోజుల్లో అక్కడ చీకటి పడదు.

[తెర మీద: అడవి మధ్య సరస్సు, నీళ్ళ మీద ఎండ. మూలన గడియారం: రాత్రి 12.]

నమస్తే. ఇవాళ ఫిన్లాండ్. మామూలుగా రాజధాని, కరెన్సీ, చూడాల్సిన పది చోట్లు అని మొదలుపెడతారు. నేను వెలుతురుతో మొదలుపెడతాను. ఆ దేశంలో మీరు ఏం చూస్తారు, ఏం వేసుకుంటారు, ఎంత ఖర్చవుతుంది అన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

హైదరాబాద్‌లో అతి పొడుగు పగటికీ, అతి పొట్టి పగటికీ తేడా రెండు గంటలే. మనం పట్టించుకోం కూడా. హెల్సింకిలో డిసెంబర్ మూడో వారంలో సూర్యుడు ఉదయం తొమ్మిదిన్నర దగ్గర పైకొచ్చి మధ్యాహ్నం మూడు దాటగానే వెళ్ళిపోతాడు. ఆరు గంటల పగలు కూడా పూర్తిగా ఉండదు. అదే జూన్ మూడో వారంలో తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి, రాత్రి పదకొండు దగ్గర పడుతుంటే దిగుతాడు. ఇది దేశానికి దక్షిణపు కొసన ఉన్న ఊరి సంగతి. ఉత్తరపు కొసన ఉత్స్‌యొకి అనే చోట నవంబర్ చివర్లో మునిగిన సూర్యుడు జనవరి మధ్యలో గానీ మళ్ళీ కనిపించడు. మే మధ్య నుంచి జూలై చివరి దాకా అసలు అస్తమించడు.

కాబట్టి ఆ ఆకుపచ్చ వెలుగు, అంటే నార్తర్న్ లైట్స్ కావాలంటే సెప్టెంబర్ నుంచి మార్చి దాకా. అది కూడా లాప్‌లాండ్‌లో, అంటే దేశపు ఉత్తర భాగంలో. హెల్సింకిలో హోటల్ కిటికీ తెరిచి చూద్దామంటే అరుదుగా తప్ప దొరకవు. మూడు కుదరాలి: చీకటి, మబ్బులేని ఆకాశం, పైన సూర్యుడి నుంచి వచ్చే కణాల జోరు. మొదటిది క్యాలెండర్ చెబుతుంది. మిగతా రెండూ అదృష్టం. అందుకే ఒక్క రాత్రి పెట్టుకుని వెళ్ళకండి, కనీసం మూడు నాలుగు రాత్రులు ఉంచుకోండి. ఇంకో మాట, ఫోన్ కెమెరాలో కనిపించేంత చిక్కటి ఆకుపచ్చ కళ్ళకు చాలాసార్లు కనిపించదు. లేత బూడిద రంగు మబ్బులా మొదలవుతుంది. "ఇదేనా?" అనిపిస్తుంది. కాసేపు ఆగండి.

నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మార్చి. లాప్‌లాండ్‌లో మంచు నిండుగా ఉంటుంది, పగలు పన్నెండు గంటలకు చేరుతుంది, రాత్రికి సరిపడా చీకటీ ఉంటుంది. సెప్టెంబర్ కూడా బాగుంటుంది, చెట్లన్నీ ఎర్రగా, పసుపుగా మారతాయి. దాన్ని వాళ్ళు రుస్క అంటారు. డిసెంబర్‌లో క్రిస్మస్ తాత శాంటా పేరుతో లాప్‌లాండ్‌లోని రొవానియెమి ఊరు నిండిపోతుంది, హోటల్ ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. నవంబర్ వద్దు. దక్షిణాన మంచూ ఉండదు, ఎండా ఉండదు, ముసురు. ఫిన్నిష్‌లో ఆ నెల పేరు మర్రస్‌కూ. మర్రస్ అంటే చావుకు సంబంధించిన పాత మాట. వాళ్ళే అలా పేరు పెట్టుకున్నారంటే ఇక మనం చెప్పేదేముంది.

మే, జూన్ సెలవులు తప్ప కుదరదా? అయినా వెళ్ళండి, కాకపోతే వేరే ఫిన్లాండ్ కోసం వెళ్ళండి. సరస్సులు, పడవలు, దీవులు, రాత్రి పదింటికి పార్కులో ఎండ. కళ్ళకు కట్టుకునే గుడ్డ ఒకటి పెట్టుకోండి, నిద్ర పట్టదు. జూన్ చివర్లో లాప్‌లాండ్ వైపు వెళ్తే దోమల మందు కూడా. అంత చలిదేశంలో దోమలేంటి అనుకోకండి, దండు కట్టుకుని వస్తాయి. జూన్ 20కీ 26కీ మధ్య వచ్చే శనివారం యుహన్నుస్ పండగ. ముందు రోజు శుక్రవారంతో కలిపి ఆ రెండు రోజులూ హెల్సింకి వాళ్ళంతా సరస్సు గట్టున ఉన్న తమ చెక్క ఇళ్ళకు పోతారు. నగరం సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఖాళీ అవుతుంది, చాలా కొట్లు మూస్తారు.

[తెర మీద: పటం. పడమర స్వీడన్, ఉత్తరాన నార్వే, తూర్పున రష్యా, దక్షిణాన సముద్రం దాటితే ఎస్టోనియా.]

ఇప్పుడు పటం. విస్తీర్ణం దాదాపు 3,38,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినా దీనికంటే చిన్నవే. జనం మాత్రం 56 లక్షలు. ఒక్క హైదరాబాద్‌లో అంతకంటే ఎక్కువమంది ఉన్నాం. భూమిలో నాలుగింట మూడు వంతులు అడవి. సరస్సులు, చిన్న మడుగులతో సహా లెక్కేస్తే, 1,88,000 దాకా ఉన్నాయి.

దీన్ని స్కాండినేవియా అంటే కొందరు ఫిన్లాండ్ వాళ్ళు సరిదిద్దుతారు. స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లకు రాజులున్నారు, భాషలు ఒకదానికొకటి దగ్గర. ఫిన్లాండ్ గణతంత్రం, భాష పూర్తిగా వేరు. నార్డిక్ దేశం, అంటే ఉత్తర యూరప్ దేశం అంటే గొడవ లేదు. 1809 దాకా స్వీడన్ కింద, తర్వాత రష్యా జార్ల కింద ఉండి, 1917 డిసెంబర్ 6న స్వతంత్రమైంది. ఆ రోజు సాయంత్రం ఇళ్ళ కిటికీల్లో రెండేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది. 1939 చలికాలంలో అటునుంచే దండయాత్ర జరిగింది. 2023 ఏప్రిల్‌లో నాటో సైనిక కూటమిలో చేరింది. ఆ ఏడాది చివరికల్లా రష్యా వైపు రోడ్డు దారులు మూసేసింది. కాబట్టి అక్కడి నుంచి రష్యా కూడా చూసొద్దామన్న ప్లాన్ పక్కన పెట్టండి. దానికి బదులు ఓడెక్కితే రెండు గంటల్లో ఎస్టోనియా రాజధాని టాలిన్. అదే వీసా సరిపోతుంది.

[తెర మీద మూడు మాటలు: తులి, తూలి, తుల్లి]

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం. ఇంగ్లీష్ అక్కడ దాదాపు అందరికీ వచ్చు, మీకు ఇబ్బంది ఉండదు. అయినా ఫిన్నిష్ ఒకసారి వినండి. తులి అంటే నిప్పు. తూలి అంటే గాలి. తుల్లి అంటే కస్టమ్స్, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసే చోటు. ఇంగ్లీష్ మాత్రమే తెలిసినవాళ్ళు ఈ మూడింటికీ తేడా పలకలేక అవస్థ పడతారు. మనకా బాధ లేదు. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం, ఒకటో తరగతిలోనే అయిపోయింది.

అంతేకాదు. మనం "ఇంట్లో", "ఇంటికి" అని మాట చివర ప్రత్యయం తగిలించినట్టే వాళ్ళూ తగిలిస్తారు. తలొ అంటే ఇల్లు, తలొస్స అంటే ఇంట్లో, తలొస్త అంటే ఇంట్లోంచి. బోర్డుల మీద ఊరి పేరు రకరకాలుగా మారి కనిపిస్తే కంగారు పడకండి, అది విభక్తి. రెండు భాషలకూ చుట్టరికం ఉందని కాదు, పద్ధతి కలిసింది, అంతే. మన అక్షరాలకు లొంగని అచ్చులు మూడు ఉన్నాయి, అక్కడ మనమూ తడబడతాం. నార్తర్న్ లైట్స్‌ని వాళ్ళు రెవొన్‌తులెత్ అంటారు. అందులో తులి ఉంది చూశారా? నక్క నిప్పులు అని అర్థం. నక్క మంచులో పరుగెడుతూ తోకతో కొట్టిన రవ్వలు ఆకాశానికి ఎగిరాయని పాత కథ.

హోటల్‌కు వెళ్ళినప్పుడు పనికొచ్చే మాటలు: కస్విస్ అంటే కూరగాయలు, శాకాహారం. లిహ మాంసం. కన కోడి. నౌత గొడ్డు మాంసం. సిక పంది. పొరొ అంటే రెయిన్‌డీర్. చేపను కల అంటారు. "కల సూప్" అని వినిపిస్తే అందులో కవిత్వమేమీ లేదు. పలకరింపు మొయ్. వెళ్ళొస్తామనడానికి మొయ్ మొయ్. కృతజ్ఞతకు కీతోస్.

[తెర మీద: సరస్సు ఒడ్డున చిన్న చెక్క గది, పొగగొట్టంలోంచి పొగ.]

సౌన, అంటే వేడి ఆవిరి స్నానపు గది. ప్రపంచానికి ఆ దేశం ఇచ్చిన మాట. 56 లక్షల మందికి దాదాపు 30 లక్షల సౌనలు ఉన్నాయని లెక్క. అపార్ట్‌మెంట్లలో ఉంటాయి, ఆఫీసుల్లో ఉంటాయి, పార్లమెంట్ భవనంలో కూడా ఉంది. 2020లో యునెస్కో ఈ ఆచారాన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పూర్వం ఇంట్లో అన్నిటికంటే శుభ్రమైన చోటు అదే కాబట్టి కాన్పులు అక్కడే జరిగేవి, చనిపోయినవాళ్ళకు చివరి స్నానం కూడా అక్కడే. శనివారం సాయంత్రం సౌన అంటే మనకు పండగ తలంటు లాంటిది, కాకపోతే వారం వారం.

మనవాళ్ళకు అసలు టెన్షన్ బట్టల గురించి. దాచిపెట్టకుండా చెబుతాను. ఆడవాళ్ళు వేరుగా, మగవాళ్ళు వేరుగా ఉండే సౌనల్లో బట్టలు లేకుండానే కూర్చుంటారు. ఎవరూ ఎవరినీ చూడరు, అది అక్కడ స్నానం కింద లెక్క. అందరూ కలిసి కూర్చునే చోట స్విమ్ సూట్ ఉంటుంది. హెల్సింకి సముద్రం ఒడ్డున లోయ్‌లు అనే పేరున్న సౌన అలాంటిదే. మొహమాటం ఉన్నవాళ్ళు అక్కడ మొదలుపెట్టొచ్చు. ముందు షవర్ చేయాలి. చిన్న తువ్వాలు పరుచుకుని దాని మీద కూర్చోవాలి. వేడి 80 డిగ్రీల పైన ఉంటుంది. కాలిన రాళ్ళ మీద ఎవరో చెంబెడు నీళ్ళు పోస్తారు, ఆవిరి ఒక్కసారిగా చెవుల దాకా వస్తుంది. పై బల్ల మీద వేడి ఎక్కువ, కింది బల్ల మీద కూర్చోవడం తప్పేమీ కాదు. తట్టుకోలేకపోతే లేచి బయటికి రండి, ఎవరూ పందెం పెట్టలేదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందే డాక్టర్‌ని అడగండి.

బయటికొచ్చి సరస్సులో దూకుతారు. చలికాలంలో మంచుకు కన్నం చేసి అందులో దిగుతారు. అది మీ ఇష్టం.

[తెర మీద: హెల్సింకి ట్రామ్. ఎవరూ మాట్లాడటం లేదు.]

నగరం గురించి క్లుప్తంగా. విమానాశ్రయం నుంచి రైలెక్కితే అరగంటలో నగరం నడిబొడ్డు. టికెట్ ఏ, బీ, సీ మూడు జోన్లకూ తీసుకోండి, విమానాశ్రయం సీ జోన్‌లో ఉంది. సువొమెన్‌లిన్న అనే సముద్రకోటకు వేరే టూర్ కొనకండి. 1748లో స్వీడన్ వాళ్ళు కట్టడం మొదలుపెట్టిన కోట అది, పడవలో పావుగంట, మామూలు సిటీ టికెట్టే చెల్లుతుంది. ఓది గ్రంథాలయం మరచిపోవద్దు. 2018 డిసెంబర్‌లో తెరిచారు. లోపలికి డబ్బు కట్టక్కర్లేదు, పుస్తకాలతో పాటు కుట్టు మిషన్లు, త్రీడీ ప్రింటర్లు ఉన్నాయి. చలి నుంచి తప్పించుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

డబ్బు యూరోల్లో. కార్డు ఎక్కడైనా నడుస్తుంది. టిప్ ఆశించరు. కుళాయి నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు, సీసా నీళ్ళు కొనడం దండగ. కొన్నా సీసా పారేయకండి. సూపర్ మార్కెట్‌లో ఉన్న మెషీన్‌లో వేస్తే డబ్బా కైతే 15 సెంట్లు, అర లీటరు ప్లాస్టిక్ సీసాకైతే 20 సెంట్లు తిరిగొస్తాయి. తిండి ఖరీదే. మామూలు రోజుల్లో మధ్యాహ్నం పదకొండుకూ రెండుకూ మధ్య చాలా హోటళ్ళలో లంచ్ బఫే ఉంటుంది, కడుపు నింపుకోవడానికి అదే సమయం. కాఫీతో కొర్వపూస్తి అనే చుట్ట రొట్టె తినండి. దాని పేరుకు అర్థం చెంపదెబ్బ, కొరికితే మాత్రం ఏలకుల వాసన!

అడవిలో తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ భూమి ఎవరిదైనా సరే నడవొచ్చు, బ్లూబెర్రీలు కోసుకోవచ్చు, ఒకట్రెండు రాత్రులు గుడారం వేసుకోవచ్చు. ఇంటి పెరట్లోకి మాత్రం వెళ్ళకూడదు. భూమి యజమానిని అడక్కుండా మంట పెట్టకూడదు.

కారు అద్దెకు తీసుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. వేగం బాగా మించితే జరిమానా మీ ఆదాయాన్ని బట్టి వేస్తారు. 2023లో ఒక కోటీశ్వరుడికి, గంటకు 50 కిలోమీటర్లు ఉండాల్సిన చోట 82లో వెళ్ళినందుకు, 1,21,000 యూరోలు పడింది. రోడ్డు మీద రెయిన్‌డీర్లు కూడా మనవైపు గేదెల్లాగే నింపాదిగా నిలబడతాయి. ఆపద వస్తే 112.

చలికాలం లాప్‌లాండ్‌లో మైనస్ 20, మైనస్ 30 మామూలే. ఒక లావుపాటి కోటు కంటే మూడు పొరలు నయం. పెద్ద కోట్లు కొనేయకండి, మంచు బండ్లు నడిపించే కంపెనీలు పైన వేసుకునే సూటు, బూట్లు ఇస్తాయి. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, ఆ చలికి బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది.

వీసా షెంగెన్, అంటే యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే ఒకే వీసా. పెద్దలకు రుసుము 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆఖరి నిమిషం దాకా ఆగకండి.

[తెర మీద: తెరిచిన సూట్‌కేసు, పచ్చడి సీసాలు.]

చివరగా, పచ్చళ్ళు. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళడం నిషేధం. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు కట్ట కూడా వద్దు, మొక్కల తెగుళ్ళ భయంతో ఆపుతారు. ఆవకాయ, గోంగూర, కందిపొడి పరవాలేదు, నూనె కారకుండా సీలు వేయించుకోండి. హెల్సింకిలో దిగాక సామాను తీసుకుని బయటికొచ్చే దారిలో ఒక బోర్డు ఉంటుంది. దాని మీద రాసున్నది నిప్పూ కాదు, గాలీ కాదు. తుల్లి.