అంచు కనబడని చీర వీడియో: వెబ్‌పేజీ సందేహాలపై ఫోన్-ఇన్

యాంకర్: నారాయణపేట నుంచి కాలర్ లైన్‌లో ఉన్నారు. నమస్తే అన్నా, చెప్పండి.

కాలర్: నమస్తే మేడం, నమస్తే సార్. మాది చీరల షాపు. మా తమ్ముడు వెబ్‌సైట్ తయారు చేశాడు. మగ్గం మీద నేసే వీడియో యూట్యూబ్‌లో ఎక్కించి, ఆ కోడ్ తెచ్చి మా పేజీలో పెట్టాం. కంప్యూటర్‌లో మంచిగనే ఉంది. ఫోన్‌లో చూస్తే కుడి పక్క తెర దాటి పోతుంది. చీర అంచు కనబడటమే లేదు.

నిపుణుడు: నారాయణపేట చీరకు అంచు కనబడకపోతే ఇక బేరం ఎట్లా అవుతుంది! మీరు తెచ్చిన కోడ్‌లో ఐఫ్రేమ్ అని మొదలయ్యే లైన్ చూడండి, వేరే సైట్ వీడియోను మీ పేజీలో చూపించే డబ్బా అది. విడ్త్ ఎంత ఉంది?

కాలర్: 560 సార్. హైట్ 315.

నిపుణుడు: యూట్యూబ్ మామూలుగా ఇచ్చే కొలతలే అవి. బ్రౌజర్ లెక్కలో చాలా ఫోన్ల వెడల్పు 360 నుంచి 430 పిక్సెళ్లే. 560 అందులో ఎట్లా పడుతుంది?

కాలర్: విడ్త్ 100 శాతం పెట్టి చూశాం సార్. అంచు వచ్చింది గానీ, పైన కింద నల్ల పట్టీలు వచ్చాయి.

నిపుణుడు: హైట్ 315 అట్లనే వదిలేశారు కదా. 360 వెడల్పుకు 202 ఎత్తు చాలు, మిగిలిందంతా నలుపే. పెద్ద తెర మీద అదే నలుపు పక్కలకు వస్తుంది. రాసుకోండి. సీఎస్ఎస్‌లో, అంటే పేజీ రూపం ఎట్లా ఉండాలో చెప్పే కోడ్‌లో, ఐఫ్రేమ్‌కు విడ్త్ 100 శాతం, హైట్ ఆటో, యాస్పెక్ట్-రేషియో, అంటే వెడల్పు-ఎత్తుల నిష్పత్తి, 16 స్లాష్ 9, డిస్‌ప్లే బ్లాక్. ఆ చివరిది రాయకపోతే వీడియో కింద సన్నగా ఖాళీ మిగులుతుంది. ఐఫ్రేమ్‌ను బ్రౌజర్ అక్షరం లెక్కన లైన్‌లో కూర్చోబెడుతుంది మరి.

యాంకర్: పాత ఫోన్లలో కూడా పనిచేస్తుందా సార్?

నిపుణుడు: యాస్పెక్ట్-రేషియో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లో 2021లో వచ్చింది. అంతకు ముందు వెర్షన్ల కోసమైతే వీడియో చుట్టూ డివ్ అనే పెట్టె ఒకటి కట్టి, దానికి ప్యాడింగ్-బాటమ్, అంటే కింది ఖాళీ, 56.25 శాతం ఇచ్చి, ఐఫ్రేమ్‌ను లోపల అబ్సల్యూట్‌గా పెట్టె నిండా పరిచేవాళ్లం. 9ని 16తో భాగిస్తే వచ్చే అంకె అది. కొత్త పేజీకి నేనైతే ఆ తిప్పలు పడను.

కాలర్: వ్యూపోర్ట్ అని ఏదో పెట్టాలంటున్నారు?

నిపుణుడు: పేజీ వెడల్పును ఫోన్ తెరకు సరిపెట్టమని చెప్పే లైన్ అది, మీ పేజీలో ఉండే ఉంటుంది. లేకపోతే ఫోన్ తన తెరను 980 పిక్సెళ్లు అనుకుని పేజీ మొత్తాన్ని చిన్నగా కుదించి చూపిస్తుంది, వీడియో బయటికి పోదు. మొదటి లైన్‌లో డాక్‌టైప్, అంటే ఇది హెచ్‌టీఎంఎల్ పేజీ అని బ్రౌజర్‌కు చెప్పే మాట, ఉందో లేదో మాత్రం చూడండి. అది లేకుంటే బ్రౌజర్లు పాతకాలపు పద్ధతిలోకి జారుకుంటాయి, కొలతలు తారుమారవుతాయి.

యాంకర్: దేవరకొండ నుంచి ఇంకో కాల్. చెప్పండి అక్కా.

కాలర్: మా ఊరి జాతర వీడియో ఐఫోన్‌లో తీసి, నేరుగా మా సర్వర్‌లోనే పెట్టాం సార్. ఐఫోన్‌లో బాగానే ఆడుతుంది. మావారి ల్యాప్‌టాప్‌లో డప్పు వినబడుతుంది, బొమ్మ మాత్రం నల్లగా ఉంటుంది.

నిపుణుడు: ఐఫోన్ కెమెరా మామూలుగా హెచ్ఈవీసీ అనే పద్ధతిలో రికార్డు చేస్తుందమ్మా. అది అన్ని కంప్యూటర్లలో ఆడదు. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంతో ఎంపీ4లోకి, దాదాపు అన్నిచోట్లా ఆడే హెచ్.264 పద్ధతికి మార్చండి. అందులోనే వెబ్ ఆప్టిమైజ్డ్ దగ్గర టిక్ పెడితే ఫైలు మొత్తం దిగేదాకా ఆగకుండానే వీడియో మొదలవుతుంది. ఇక ముందు తీసేవాటికి కెమెరా సెట్టింగ్స్‌లో, ఫార్మాట్స్ కింద మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకోండి.

కాలర్: పేజీ తెరవగానే దానంతట అదే ఆడాలి సార్.

నిపుణుడు: చప్పుడుతో అయితే మామూలుగా ఆడదు. క్రోమ్ 2018 నుంచి ఆపేస్తోంది, సఫారీ అంతకు ముందే ఆపింది. పేజీ కోడ్‌లో వీడియో అని ఉన్న లైన్‌లో ఆటోప్లేతో పాటు మ్యూటెడ్, ప్లేస్‌ఇన్‌లైన్ అని రాయండి. ప్లేస్‌ఇన్‌లైన్ లేకుంటే ఐఫోన్‌లో వీడియో తెరంతా ఆక్రమిస్తుంది. అయినా ఆఫీసులో పేజీ తెరిచినవాళ్లకు ఒక్కసారిగా జాతర డప్పు మోగితే వాళ్ల పరిస్థితి ఏమిటమ్మా? వినాలనుకునేవాళ్లు నొక్కుకుంటారు.

కాలర్: సరే సార్. ఐఫోన్‌లో క్రోమ్‌లో కూడా వేసి చూడమంటారా?

నిపుణుడు: మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్‌కు కూడా లోపల ఇంజిన్, అంటే పేజీని చూపించే భాగం, సఫారీదే. దానికి బదులు ఒక ఆండ్రాయిడ్ ఫోన్, మీవారి ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ చూడండి.